ఉగాది దాటాక స్థలం బేరం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఉగాది పచ్చడి తిన్న మర్నాటి నుంచి గంగమ్మ జాతర దాకా తిరుపతిలో స్థలాల సీజన్. పరీక్షలు అయిపోతాయి, బెంగళూరు నుంచీ చెన్నై నుంచీ పిల్లలు వస్తారు, కరకంబాడి రోడ్డులో, రేణిగుంట రోడ్డులో, చంద్రగిరి వైపున వెంచర్లకు కార్లు బారులు కడతాయి. మాకు వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు బయానా ఇచ్చేశాక రాసినవే. ఇవ్వకముందు అడగాల్సిన మాటలు అవి. అందుకే ఈసారి కొన్నింటికి వివరంగా జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: రేణిగుంట దగ్గర ఒక వెంచర్‌లో 50 అంకణాల బిట్టు చూశాం. నాయుడుపేటలో ఉండే మా బావ "నేను కొన్నది 25 అంకణాలే, అయినా నీ దానికంటే తక్కువేం కాదు" అంటున్నాడు. ఎవరి లెక్క సరి? (కొర్లగుంట పాఠకుడు)

జవాబు: ఇద్దరి లెక్కా సరే, అంకణమే వేరు. తిరుపతి, చిత్తూరు వైపు అంకణం అంటే 6 అడుగులకు 6 అడుగులు, అంటే 36 చదరపు అడుగులు, 4 గజాలు. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, 8 గజాలు. నాయుడుపేట, సూళ్లూరుపేట 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలోకి వచ్చాయి గానీ అక్కడి జనం నోట్లో ఇంకా నెల్లూరు అంకణమే ఆడుతోంది. మీ 50, మీ బావ 25, రెండూ 200 గజాలే. అంకణం ధర విని "అక్కడ రెట్టింపు చెబుతున్నారే" అనుకుని వెనక్కి వచ్చినవాళ్లూ, ఇక్కడ సగం ధరే అని తొందరపడినవాళ్లూ ఉన్నారు. ఏ ఊళ్లో బేరమాడినా ముందు గజానికి మార్చుకోండి. సెంటు అంటే 48.4 గజాలు, మన అంకణాల్లో 12.1. అగ్రిమెంట్‌లో అంకణాలు మాత్రమే రాస్తే ఒప్పుకోకండి, గజాలూ చదరపు మీటర్లూ రాయించండి.

ఇక కొలత. మీ బిట్టు 30 అడుగులకు 60 అడుగులని చెప్పి ఉంటారు. నాలుగు వైపులా టేపు పెట్టి, 30, 60, 30, 60 వచ్చిందని సంతోషపడి వచ్చేస్తారు. అది చాలదు. మూల నుంచి ఎదురు మూలకు కూడా టేపు పట్టండి. బిట్టు చక్కగా ఉంటే రెండు వైపుల నుంచీ 67 అడుగుల 1 అంగుళం రావాలి. ఒకవైపు 61, రెండోవైపు 72 అడుగుల 8 అంగుళాలు వచ్చిందనుకోండి, బిట్టు ఒరిగి ఉందన్నమాట. నాలుగు భుజాలూ అవే ఉన్నా విస్తీర్ణం 1800 కాదు, సుమారు 1757 చదరపు అడుగులు. ఒక అంకణం పైనే పోయింది. ఎదురెదురు భుజాల సగటు తీసి గుణించే వాడుక లెక్క ఒరిగిన బిట్టుకు ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది, తక్కువ చూపించదు. నష్టం ఎప్పుడూ కొనేవాడిదే. పైగా ఒరిగిన బిట్టులో ఇల్లు చదరంగా కడితే రెండు మూలల్లో ముక్కోణపు ముక్కలు దేనికీ పనికిరాకుండా మిగిలిపోతాయి. టేపు స్టీలుది తీసుకెళ్లండి. గుడ్డ టేపు సాగుతుంది. పాత అనుమతి లేని లేఅవుట్లలో ఇంకో సంగతి చూసుకోండి: బిట్టు కొలతలో ఎదురుగా ఉన్న రోడ్డులో సగం కలిపి రాసిన దస్తావేజులు ఉంటాయి. కొలత రోడ్డు అంచు నుంచి మొదలవుతోందో, రోడ్డు మధ్య నుంచో నిలబడి చూడండి.

ప్రశ్న: తిరుపతి రూరల్‌లో ఒక ఇల్లు చవగ్గా వస్తోంది. మఠం భూమి అని కొందరంటున్నారు. అమ్మేవాళ్లేమో "కరెంటు మీటరు ఉంది, ఇంటి పన్ను కడుతున్నాం, నోటరీ మీద రాసిస్తాం" అంటున్నారు. తీసుకోవచ్చా? (ఎం.ఆర్.పల్లి పాఠకురాలు)

జవాబు: వద్దమ్మా. ఇంటి పన్ను రసీదు, మీటరు ఆ ఇంట్లో ఎవరున్నారో చెబుతాయి, ఆ నేల ఎవరిదో చెప్పవు. 1843 నుంచి 1933లో టీటీడీ ఏర్పడేదాకా తిరుమల ఆలయ పాలన హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉంది. తిరుపతి చుట్టుపక్కల మఠానికీ దేవస్థానానికీ భూములు ఉండడం కొత్త సంగతి కాదు. 1987 నాటి దేవాదాయ చట్టం ప్రకారం సరైన అనుమతి లేకుండా మఠం భూమి అమ్మితే ఆ అమ్మకం చెల్లదు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ కింద ఆ సర్వే నంబర్లు నిషేధిత జాబితాలో ఉంటాయి కనుకనే వాళ్లు సబ్‌రిజిస్ట్రార్ దగ్గరికి రాకుండా నోటరీ అంటున్నారు. నోటరీ కాగితంతో హక్కు మారదు. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద జరిగే అమ్మకాలతో కూడా యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇది మీ ఒక్కరికే కాదు, ఊరి చుట్టూ ఎక్కడ కొన్నా చేయాల్సిన పని కనుక వరసగా చెబుతాం. అమ్మేవాళ్ల దగ్గర ఇప్పటి దస్తావేజుతో పాటు లింకు డాక్యుమెంట్ల (అంతకు ముందు చేతులు మారినప్పటి దస్తావేజుల) జిరాక్సులు తీసుకోండి. అందులోని సర్వే నంబరు, సబ్‌డివిజన్ నంబరు కాగితం మీద విడిగా రాసుకోండి. ఆ నంబరును 22ఏ జాబితాలో వెతకండి. ఇక్కడే చాలామంది పొరబడతారు: 112/3బి అని వెతికి లేదనుకుని సంబరపడతారు, జాబితాలో మాత్రం 112 మొత్తం ఉంటుంది. మూల నంబరు, సబ్‌డివిజన్ రెండూ వెతకాలి. రీసర్వే అయిన గ్రామమైతే పాత సర్వే నంబరుకు బదులు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబరు వచ్చి ఉంటుంది, అప్పుడు మూడూ చూడాలి. తర్వాత తహసీల్దార్ ఆఫీసులో ఆర్ఎస్ఆర్ (రీసెటిల్మెంట్ రిజిస్టరు) నకలు అడగండి. పాత రీసెటిల్మెంట్ నాటికి ఆ నేల పట్టానా, పొరంబోకా, ఇనామా, గయాళా అన్నది అందులో ఉంటుంది. ఇప్పటి అడంగల్‌లో ఏ పేరు ఎక్కినా మూలం అక్కడే ఉంది. ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల జాబితా) ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందుది కావాలంటే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి చేత్తో రాసిన రికార్డు తీయించుకోవాలి. 30 ఏళ్లకు తక్కువ చూడకండి.

డీకేటీ పట్టా భూమి (ప్రభుత్వం పేదలకు అసైన్ చేసిన భూమి) అని తేలితే అసైన్డ్ భూముల 1977 చట్టం అడ్డం వస్తుంది. కొన్నవాళ్ల నుంచి ప్రభుత్వం ఆ నేల వెనక్కి తీసుకోగలదు. 2023లో చట్టం సవరించి, ఇచ్చి 20 ఏళ్లు దాటిన వ్యవసాయ అసైన్‌మెంట్లకు దారి తెరిచిన మాట నిజమే. "ఇప్పుడు డీకేటీ కూడా అమ్మొచ్చు" అన్న ప్రచారం అందులోంచి వచ్చిందే. మీరు చూడాల్సింది ఒక్కటి: ఆ నంబరు 22ఏ జాబితాలోంచి తీసేశారా లేదా. తీసేసినట్టు కనబడేదాకా బయానా కూడా ఇవ్వకండి.

అమ్మేవాళ్లు "కోర్టు ఆర్డరు ఉంది" అంటే ఆ ఆర్డరు చివరి పేజీ చదివించుకోండి. తుది తీర్పా, కేసు తేలేదాకా యథాతథంగా ఉంచమన్న ఉత్తర్వా? రెండోదైతే దాని మీద కొనడం అంటే ఆ కేసు కూడా మీరు కొనుక్కున్నట్టే.

ప్రశ్న: వెంచర్ వాళ్లు "ఎల్పీ నంబరు ఉంది, టుడా అప్రూవ్డ్" అంటూ కరపత్రం ఇచ్చారు. ఇంకా ఏం చూడాలి? (రేణిగుంట పాఠకుడు)

జవాబు: ఎల్పీ నంబరు అంటే లేఅవుట్ అనుమతి నంబరు, టుడా అంటే తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ. రీసర్వేలో వచ్చిన ఎల్‌పీఎం నంబరును చూపించి అదే ఎల్పీ అని చెప్పేవాళ్లున్నారు, రెండింటికీ సంబంధం లేదు. అనుమతి ఉందన్నా అది తాత్కాలికమా తుదిదా అడగండి. లేఅవుట్‌లో రోడ్లు, కాలువలు, నీళ్లు, కరెంటు పనులు పూర్తి చేస్తామన్న పూచీగా కొన్ని ప్లాట్లను డెవలపర్ టుడాకు తనఖా పెడతాడు. పనులు పూర్తయి తుది అనుమతి వచ్చాక అవి విడుదలవుతాయి. మీకు చూపిస్తున్న ప్లాటు నంబరు ఆ తనఖా జాబితాలో ఉందేమో ఆమోదించిన ప్లాన్ నకలులో చూసుకోండి. 500 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్‌కు రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నమోదు కూడా ఉండాలి. రెరా కింద ఉన్న ప్రాజెక్టులో రిజిస్టర్డ్ అగ్రిమెంట్ లేకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు అడగకూడదు. ఉగాది ఆఫర్, ఇవాళే సగం కట్టేయండి అన్నారంటే లేచి వచ్చేయండి.

ప్రశ్న: మా నాయన చిత్తూరు దగ్గర 3 ఎకరాల తోతాపురి తోట చూసి వచ్చాడు. పూత దిగి పిందె బాగా పట్టింది, ఇప్పుడే రిజిస్ట్రేషన్ చేయించుకుంటే ఈ కాపు మనదే అంటున్నాడు. నిజమేనా? (చిత్తూరు పాఠకుడు)

జవాబు: కాగితం మీద రాస్తేనే మీది. ఈ నెలల్లో చిత్తూరు వైపు మామిడి తోట చూస్తే ఎవరికైనా మనసు లాగుతుంది. కానీ పూత మీదో పిందె మీదో కాపును వ్యాపారికి గుత్తకిచ్చి అడ్వాన్సు తీసుకోవడం ఇక్కడి రివాజు. మందులు కొట్టించింది, కాపలా పెట్టింది ఆ వ్యాపారే అయి ఉంటాడు. మీరు ఏప్రిల్‌లో రిజిస్టరు చేయించుకుని గేటుకు తాళం వేస్తే, జూన్‌లో కోతకు వచ్చేది ఆయన మనుషులు. అమ్మినాయన అప్పటికి డబ్బు తీసుకుని వెళ్లిపోయి ఉంటాడు, తగువు మీకూ వ్యాపారికీ మిగులుతుంది.

అందుకని తోటలోకి వెళ్లినప్పుడు కాపలా మనిషిని "ఎవరి తరఫున ఉన్నావు" అని అడగండి. రైతు పేరు చెప్పకుండా మండీ పేరు చెబితే గుత్త ఉన్నట్టే. ఉంటే భయపడాల్సింది లేదు. వ్యాపారి ఎంత ఇచ్చాడు, ఇంకా ఎంత ఇవ్వాలి, ఏ తేదీకల్లా కోత ముగించి తోట అప్పగిస్తాడు అన్నవి ఆయన సంతకంతో రాయించి అగ్రిమెంట్‌కు జత చేయండి. వ్యాపారి ఇంకా ఇవ్వాల్సిన బాకీ అమ్మేవాళ్లకు పోతుందా మీకు వస్తుందా అన్నది కూడా తేల్చండి. లేదంటే కాపు పూర్తయ్యాక ఆగస్టులో రిజిస్ట్రేషన్ పెట్టుకోండి, ధర ఇప్పుడే ఖాయం చేసుకోవచ్చు. తోతాపురి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయ, ఒక్కో ఏడు ధర బాగా పడిపోతుంది. పిందె చూసి భూమి ధర పెంచుకోకండి, కాపు ఒక్క ఏడాదిది.

చెట్లు లెక్కపెట్టండి. 10 మీటర్ల ఎడంలో నాటిన పాత తోటలో ఎకరాకు 40 చెట్లు పడతాయి. 3 ఎకరాలన్నప్పుడు 120 దరిదాపుల్లో ఉండాలి. 95 మాత్రమే ఉండి, మధ్యలో గుంతలు లేకపోతే భూమే తక్కువ ఉందేమో అని అనుమానించాలి. అప్పుడు హద్దులు కొలిపించమని అమ్మేవాళ్ల చేత ఎఫ్‌లైన్ దరఖాస్తు పెట్టించండి. సర్వేయరు పక్క రైతులకు నోటీసు ఇచ్చి, ఎఫ్ఎంబీ (సర్వే కొలతల పుస్తకం) ప్రకారం కొలిచి రాళ్లు పాతిస్తాడు. పక్క రైతుల సంతకాలు ఆ రోజే పడితే పదేళ్ల గట్టు తగాదా తప్పుతుంది.

బోరు చూడడానికి ఇదే సరైన కాలం. వానల తర్వాత ప్రతి బోరూ పోస్తుంది. మోటారు 2 గంటలు ఆగకుండా నడిపించి, ఆ తర్వాతే కొలవండి. 20 లీటర్ల క్యాను 10 సెకన్లలో నిండితే గంటకు 7,200 లీటర్లు, 20 సెకన్లు పడితే 3,600. మొదటి పది నిమిషాల్లో వచ్చేది గొట్టంలో నిలవ ఉన్న నీళ్లు, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. మధ్యలో గాలి కొడుతూ నీళ్లు తెగితెగి వస్తుంటే బోరు అడుగంటుతున్నట్టు. కరెంటు సర్వీసు ఎవరి పేరున ఉందో చూసి, మీ పేరుకు మార్చడానికి అమ్మేవాళ్ల అంగీకారపత్రం రిజిస్ట్రేషన్ రోజే తీసుకోండి. తోటకు బండి దారి ఎక్కడి నుంచి? పక్కవాళ్ల చేను మీదుగా అయితే ఆ దారి హక్కు దస్తావేజులో పడాలి. నోటిమాట మీద నడిచిన దారి ఆ చేను చేతులు మారగానే మూసుకుపోతుంది.

ప్రశ్న: ధర 62 లక్షలకు కుదిరింది. ప్రభుత్వ విలువ 38 లక్షలే, దానికే రిజిస్టరు చేసి మిగతాది నగదు ఇవ్వమంటున్నారు. స్టాంపు ఖర్చు మిగులుతుంది కదా? (పద్మావతీపురం పాఠకుడు)

జవాబు: లెక్క వేసి చూడండి. స్టాంపు డ్యూటీ 5 శాతం, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ 1.5, రిజిస్ట్రేషన్ ఫీజు 1, మొత్తం 7.5 శాతం. 62 లక్షలకు 4.65 లక్షలు, 38కి 2.85 లక్షలు. ఇవాళ మిగిలేది 1.80 లక్షలు. రేపు మీరు అమ్మినప్పుడు మీ కొనుగోలు ధర 38 లక్షలుగానే లెక్కకు వస్తుంది. కాగితంలో లేని 24 లక్షలు మీ లాభంగా కనబడి, దాని మీద 12.5 శాతం చొప్పున 3 లక్షల పన్ను పడుతుంది. పైగా స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది, తీసుకున్నంత మొత్తం జరిమానా పడవచ్చు. బ్యాంకు అప్పు కూడా 38 లక్షలనే చూస్తుంది. బేరం తర్వాత చెడి దావా వేయాల్సి వస్తే మీ 24 లక్షలకు సాక్ష్యం ఉండదు. అసలు ధరకే రాయించుకోండి.

62 లక్షలకు రాసినప్పుడు 1 శాతం టీడీఎస్, అంటే 62,000 మినహాయించి మీరే ప్రభుత్వానికి కట్టాలి. 50 లక్షలు, ఆపైన ఉన్న ప్రతి ఇంటికీ స్థలానికీ ఇది ఉంది. అమ్మేవాళ్లు అమెరికాలో ఉంటున్నవాళ్లయితే 1 శాతం లెక్క చెల్లదు, చాలా ఎక్కువ కోయాలి. అప్పుడు ఆడిటర్‌ను కలవకుండా డబ్బు పంపకండి, తర్వాత బాధ్యత మీ మెడకే చుట్టుకుంటుంది.

ప్రశ్న: పిల్ల చదువు కోసం తిరుపతికి మారుతున్నాం. బాడుగ లేకుండా 6 లక్షలకు మూడేళ్లు లీజుకు ఇస్తామంటున్నారు. 100 రూపాయల స్టాంపు కాగితం మీద రాస్తే చాలా? (పలమనేరు పాఠకురాలు)

జవాబు: చాలదు. మనం లీజు అని పిలిచే ఈ పద్ధతి చట్టం దృష్టిలో భోగ్యం, అంటే స్వాధీన తనఖా. దీన్ని రిజిస్టరు చేయించాలి. చేయించకపోతే ఏమవుతుందంటే, ఇంటాయన అదే ఇంటి మీద బ్యాంకు అప్పు తీసుకుని ఉంటాడు, కిస్తీలు ఆగగానే బ్యాంకు ఇంటి గోడ మీద నోటీసు అంటిస్తుంది. మీ 6 లక్షలు ఈసీలో ఎక్కడా కనబడవు కనుక మీరు వట్టి బాడుగ మనుషుల్లా బయటికి రావాల్సి వస్తుంది. కాబట్టి డబ్బు ఇచ్చేముందు ఆ ఇంటి ఈసీ తీయించి తనఖా ఉందేమో చూడండి. ఉంటే ఈ బేరం వదిలేయండి. లేకపోతే భోగ్యపత్రం రిజిస్టరు చేయించి, డబ్బు చెక్కు ద్వారానో ఆన్‌లైన్‌లోనో ఇవ్వండి. డబ్బు తిరిగి ఇవ్వనిదే ఇల్లు ఖాళీ చేయాల్సిన పని లేదని అందులో స్పష్టంగా రాయించండి. వాళ్లు రిజిస్ట్రేషన్‌కు ఒప్పుకోకపోతే 11 నెలల బాడుగ ఒప్పందం మీద, రెండు మూడు నెలల అడ్వాన్సుతో వేరే ఇల్లు చూసుకోవడం మేలు. ఏప్రిల్, మే నెలల్లో ఖాళీలు బాగా ఉంటాయి, జూన్‌లో బడులు తెరిచాక ఇంత ఎంపిక ఉండదు.

ప్రశ్న: స్వర్ణముఖి దగ్గర స్థలం, ఇప్పుడు చూస్తే పొడిగా ఉంది. వానాకాలం మునుగుతుందని ఎలా తెలుసుకోవాలి? (తిరుచానూరు పాఠకుడు)

జవాబు: 2021 నవంబరు వానల్లో స్వర్ణముఖి ఒడ్డున తిరుచానూరు వైపు ఇల్లు కోసుకుపోయిన దృశ్యం అందరూ చూశారు. మార్చిలో స్థలం చూసేవాళ్లకు వంక (వాగు) కనబడదు, ముళ్లకంప కనబడుతుంది. పక్క ఇళ్ల ప్రహరీ గోడల కింది భాగం చూడండి. ఒకే ఎత్తులో బారుగా మట్టి మరక, సున్నం ఊడిన గీత ఉంటే నీళ్లు అంతవరకు నిలిచాయి. చుట్టుపక్కల ఇళ్ల మెట్లు లెక్కపెట్టండి, అందరూ రోడ్డు కంటే 4, 5 మెట్లు ఎత్తులో కట్టుకున్నారంటే ఊరికే కట్టుకోలేదు. గ్రామ నక్షాలో, ఎఫ్ఎంబీలో వంక, కాలువ ఎటు పోతున్నాయో చూసి, స్థలం మీద నిలబడి పోల్చండి. 10 హెక్టార్లు దాటిన చెరువైతే నిండు నీటి మట్టం నుంచి 30 మీటర్లు, చిన్న కుంటైతే 9 మీటర్లు వదలాలి. ఆ పట్టీలో పడిన బిట్టుకు ప్లాన్ రాదు.

"మట్టి తోలితే సరిపోతుంది" అంటారు. 200 గజాల బిట్టు 3 అడుగులు లేపాలంటే 5,400 ఘనపుటడుగులు, అంటే 54 యూనిట్లు. నీళ్లు పట్టి దిమ్మిస చేస్తే కుంగే మట్టిని కలుపుకుని 65 యూనిట్ల దాకా పడుతుంది. ఆ ఖర్చు స్థలం ధరలో కలిపి చూడండి. పునాది మాత్రం తోలిన మట్టి మీద ఆపకూడదు, దాని అడుగున ఉన్న పాత గట్టి నేలలోకి దించాలి. లేకపోతే రెండు వానాకాలాలకే గుమ్మాల మీద ఏటవాలు చీలికలు వస్తాయి.

ప్రశ్న: శ్రీరామనవమికి మా కాలనీ పార్కు స్థలంలో చలువ పందిరి వేద్దామని వెళితే, అక్కడ ఎవరో కొత్తగా హద్దురాళ్లు పాతారు. ఆ స్థలం ప్లాటుగా అమ్మేశారంటున్నారు. ఏం చేయాలి? (కరకంబాడి రోడ్డు కాలనీవాసులు)

జవాబు: ముందు పందిరి అక్కడే వేయండి, పానకం అక్కడే పంచండి. ఏటా ఆ స్థలాన్ని కాలనీ వాడుకుంటోందనడానికి ఆ ఫొటోలు రేపు పనికొస్తాయి. రాళ్లు మీరు పీకేయకండి, కేసు మీ మీదకు తిరుగుతుంది. తేదీ కనబడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి.

తర్వాత టుడాలో సమాచార హక్కు కింద 10 రూపాయల ఫీజుతో ఆమోదిత లేఅవుట్ ప్లాన్ నకలు, ఖాళీ స్థలం స్థానిక సంస్థకు రాసిచ్చిన గిఫ్ట్ డీడ్ నకలు అడగండి. 30 రోజుల్లో ఇవ్వాలి. లేఅవుట్ అనుమతికి 10 శాతం ఖాళీ స్థలం వదలడం షరతు, అది పంచాయతీకో మున్సిపాలిటీకో దఖలు పడుతుంది, డెవలపర్ మళ్లీ అమ్మడానికి ఆయన దగ్గర ఏమీ మిగలదు. ఆ సర్వే నంబరు మీద ఈసీ తీస్తే అమ్మకం జరిగిందా, ఎప్పుడు, ఎవరి పేరున అన్నది తెలిసిపోతుంది. ఈ మూడు కాగితాలతో కమిషనర్‌కు లేదా పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడ బోర్డు పెట్టించమని, ఆ స్థలాన్ని 22ఏ జాబితాలో చేర్చమని కూడా అదే కాగితంలో అడగండి. ఒక్కొక్కరుగా కాకుండా సంఘం పేరు మీద వెళ్లండి. 2001 నాటి సొసైటీల చట్టం కింద సంఘం నమోదు చేయించుకోవడానికి ఏడుగురు సభ్యులు చాలు. గిఫ్ట్ డీడ్ జరగనే లేదని తేలితే గట్టిగా పట్టుకోవాల్సింది అక్కడే. ప్లాన్‌లో పార్కు అని చూపిన చోటు ప్లాటు కాజాలదని చెప్పడానికి ఆమోదిత ప్లానే ఆధారం, ఆలస్యం చేయకుండా లాయరును కలిసి ఇంజంక్షన్ తెచ్చుకోండి. ఒక్కసారి గోడలు లేస్తే ఖాళీ చేయించడానికి ఏళ్లు పడుతుంది.

ప్రశ్న: ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే కడితే తగ్గింపు ఉందా? (భవానీనగర్ పాఠకుడు)

జవాబు: ఉంది. ఏడాది మొత్తం పన్ను ఏప్రిల్ 30లోపు ఒకేసారి కడితే 5 శాతం తగ్గిస్తారు. పాత బాకీ ఉంటే ముందు అది తీర్చాలి. ఆలస్యానికి నెలకు 2 శాతం వడ్డీ. ఖాళీ స్థలానికి కూడా పన్ను ఉంటుంది. కొన్నాక మీ పేరుకు మార్పించుకోకపోతే డిమాండు పాత యజమాని పేరున పేరుకుపోతుంది, ప్లాన్‌కు వెళ్లినప్పుడు అంతా ఒకేసారి కట్టమంటారు.

ప్రశ్న: గంగమ్మ జాతర వారంలో మా అన్నదమ్ములందరం ఊళ్లో కలుస్తాం. అప్పుడే భాగపరిష్కారం రిజిస్టరు చేయించుకుందామనుకుంటున్నాం. జాతరలో చేయవచ్చా? (తిరుపతి పాఠకుడు)

జవాబు: ఆఫీసు తెరిచి ఉన్న ఏ రోజైనా రిజిస్ట్రేషన్ జరుగుతుంది. మంగళవారం రాత్రి చాటింపు పడ్డాక జాతర ముగిసేదాకా ఊరు దాటి రాత్రి ఉండకూడదని పాత కుటుంబాలు పాటిస్తాయి కనుక, అందరూ ఒక్కచోట దొరికే వారం అదే. బైరాగి వేషం బుధవారం, బండ వేషం గురువారం, తోటి వేషం శుక్రవారం. పనిదినాలు ఇవే. చివరి సోమవారం సున్నపు కుండలు, మంగళవారం జాతర, ఆ రెండు రోజులు గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట చుట్టుపక్కల వీధుల్లో అడుగు పెట్టే చోటుండదు, ముసలివాళ్లను ఆఫీసుకు తీసుకెళ్లడం కష్టం. గురువారానికి స్లాట్ ముందే బుక్ చేసుకోండి.

అక్కచెల్లెళ్లను మరిచిపోకండి. 2005 సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో కూతురికీ కొడుకుతో సమాన వాటా ఉంది. వాళ్లకు వద్దంటే ఆ మాట రిజిస్టర్డ్ కాగితంలో వాళ్ల సంతకంతో ఉండాలి, పుట్టింటి మీద ప్రేమతో నోటితో అన్న మాట చాలదు. చిత్తుప్రతి చాటింపుకు వారం ముందే రాయించి అందరికీ ఫోన్లో పంపండి. ఎవరి భాగం ఏ హద్దుల మధ్య, బావి ఎవరిది, దారి ఎటు, బ్యాంకు అప్పు ఎవరు తీరుస్తారు అన్నవి అందులో ఉండాలి. నక్షా గీయించి వాటాదారులందరి వేలిముద్రలూ దాని మీద కూడా వేయించండి. ఆధార్, పాన్, పాసుపుస్తకాలు, తండ్రి మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం ఒక సంచిలో పెట్టి, ఇద్దరు సాక్షులతో ఉదయం మొదటి స్లాట్‌కే వెళ్లండి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి వేషాలు కట్టుకోవచ్చు.